యాభై అడుగుల గుట్టకు వారం రోజులా?

కిందటి నెల ఒకినావా యుద్ధం (1945లో జపాన్ ద్వీపం ఒకినావా కోసం అమెరికా, జపాన్ సేనల మధ్య జరిగిన పోరు) మీద ఇచ్చిన వ్యాసానికి ఒడిశా సరిహద్దు జిల్లాల పాఠకులు ఎక్కువగా స్పందించారు. కొండల మధ్య బతికేవాళ్ళు కాబట్టి కాబోలు, చాలా ప్రశ్నలు సేనాధిపతుల గురించి కాకుండా వాలు, రాయి, నీళ్ళు, దారి గురించే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు.

ప్ర: అమెరికా మెరీన్లను (సముద్రం మీంచి దిగి పోరాడే సైనికులను) వారం రోజులు ఆపిన షుగర్ లోఫ్ గుట్ట ఎత్తు యాభై అడుగులేనని రాశారు. మా వైపు మేకలు మేపే మెట్టలు కూడా అంతకంటే ఎత్తుంటాయి. ఒక డివిజన్ మొత్తం దాన్ని ఎక్కలేకపోయిందా? అచ్చుతప్పేమో చూడగలరు.
– డిగ్రీ విద్యార్థి, గుణుపురం

జ: అచ్చుతప్పు కాదు. చుట్టూ ఉన్న నేల నుంచి సుమారు 50 అడుగుల ఎత్తు, దాదాపు 300 గజాల పొడవు, అంతే ఆ గుట్ట. 1945 మే 12 నుంచి 18 వరకు ఆరో మెరీన్ డివిజన్ దాని మీదికి పదిసార్లకు పైగా వెళ్ళింది. చాలాసార్లు ఎక్కింది కూడా. పైన నిలవడమే కుదరలేదు.

గుట్ట బలంలో సగం దాని పక్కనున్న రెండు గుట్టల్లో ఉంది. ఉత్తరం నుంచి వచ్చేవాళ్ళకు ఈ గుట్ట వెనక ఎడమ పక్కన హాఫ్ మూన్, కుడి పక్కన హార్స్‌షూ కనిపిస్తాయి. మూడూ కలిసి బాణం ములుకులా ఉంటాయి. షుగర్ లోఫ్ మీదికి వెళ్ళేవాళ్ళకు రెండు పక్కల నుంచీ మెషిన్ గన్లు తగులుతాయి. పోనీ ముందు హాఫ్ మూన్ పట్టుకుందామంటే షుగర్ లోఫ్ నుంచి వీపు మీద కొడతారు. హార్స్‌షూ మధ్యనున్న లోయలో మోర్టార్లు పెట్టారు. అవి బయటికి కనిపించవు, నేరుగా వెళ్ళే గుండు వాటికి తగలదు. వీటన్నిటినీ జపనీయుల ప్రధాన స్థావరమైన షురి ఎత్తుల మీది ఫిరంగి పరిశీలకులు పై నుంచి చూస్తూనే ఉన్నారు.

రెండోది, జపనీయులు గుట్ట ముందు వాలు మీద కొద్దిమందినే ఉంచి, అసలు బలగాన్ని వెనక వాలులో పెట్టారు. ముందు వాలును ఫిరంగులు దున్నేస్తున్నంతసేపూ వాళ్ళు సొరంగాల్లో కూర్చుంటారు. కాల్పులు ఆగాయంటే శత్రువు పైకి వస్తున్నాడని లెక్క. అప్పుడు బయటికి వచ్చి, శిఖరం అంచు దాటి తల కనిపించగానే కాలుస్తారు, లేదా కింది నుంచి గ్రెనేడ్లు దొర్లిస్తారు. శిఖరానికి ఎంత దూరమో ముందే కొలిచి పెట్టుకున్న మోర్టార్లు రెండు నిమిషాల్లో అక్కడే పడతాయి. దాడి చేసినవాడు దాక్కోవడానికి గొయ్యి తవ్వుకునే లోపే అంతా అయిపోతుంది. మే 14 రాత్రి మేజర్ హెన్రీ కోర్ట్‌నీ నలభై మందికి పైగా మనుషులతో శిఖరం చేరాడు. ఆయన అక్కడే మోర్టారుకు బలయ్యాడు. తెల్లవారేసరికి మిగిలినవాళ్ళతో శిఖరాన్ని నిలుపుకోవడం అసాధ్యమైంది.

మే 18న దారి దొరికింది. ట్యాంకులు గుట్టకు రెండు పక్కల నుంచీ చుట్టి వెళ్ళి, వెనక వాలు సొరంగాల్లోంచి బయటికి వస్తున్నవాళ్ళను అక్కడికక్కడే కాల్చాయి. అదే సమయానికి 29వ మెరీన్ రెజిమెంటుకు చెందిన ఒక కంపెనీ పైకెక్కి ఈసారి నిలిచింది. ఈ ఆలోచన ముందే ఎందుకు రాలేదని అడగొచ్చు. వచ్చింది. మందుపాతరలు, 47 మిల్లీమీటర్ల ట్యాంకు విధ్వంసక ఫిరంగులు, షురి నుంచి పడే గుండ్లు అంతకుముందు ట్యాంకులను అంత దూరం రానివ్వలేదు. ఆ గుట్ట, దాని చుట్టుపక్కల పోరులో చనిపోయినవాళ్ళు, గాయపడినవాళ్ళు 2,600 దాటారు. మానసికంగా కుప్పకూలి వెనక్కి పంపాల్సి వచ్చినవాళ్ళు మరో 1,200 పైచిలుకు.

ప్ర: నేను క్వారీ పనిలో ఉన్నాను. రోజుల తరబడి యుద్ధనౌకలు పెద్ద పెద్ద గుండ్లు వేశాక కూడా గుహల్లోని మనుషులు ఎలా బతికారు?
– క్వారీ మేస్త్రి, కోరాపుట్

జ: మీ పనిలోనే జవాబు ఉంది. బోరు వేసి, లోపల మందు కూరి, పైన మట్టితో బిగించి పేలిస్తే రాయి చీలుతుంది. అదే మందు బండ మీద ఊరికే పెట్టి పేలిస్తే చప్పుడు, దుమ్ము తప్ప పెద్దగా జరగదు. నౌక నుంచి వచ్చే గుండు ఎక్కువగా ఈ రెండో పనే చేస్తుంది. అది పైకి కనిపించే ముఖానికి తగిలి పేలుతుంది, చెట్లను ఊడ్చేస్తుంది, మరుగు తీసేస్తుంది. పది మీటర్ల రాయి కింద ఉన్నవాడికి అది చెవులు దిబ్బడ వేయించే మోత మాత్రమే. పైగా నౌకా ఫిరంగి గుండు దాదాపు బల్లపరుపుగా వెళ్తుంది కాబట్టి వెనక వాలుకు తగలడం కష్టం.

పసిఫిక్‌లోని పెలెలియూ దీవిలో ఉమర్‌బ్రోగోల్ దిబ్బలు పగడపు సున్నపురాయి. ప్రకృతి చేసిన గుహలకు జపనీయులు సొరంగాలు కలిపారు, కొన్ని నోళ్ళకు ఉక్కు తలుపులు పెట్టారు. దాడికి ముందు కాల్పులు జరిపిన అడ్మిరల్ ఓల్డెన్‌డార్ఫ్ కొట్టడానికి ఇక లక్ష్యాలు మిగల్లేదన్నాడు. కనిపించే లక్ష్యాల వరకు అది నిజమే. 1944 సెప్టెంబరు 15న మెరీన్లు దిగాక తెలిసింది, కల్నల్ నకగావా కునియో మనుషులు పదివేలకు పైగా క్షేమంగా ఉన్నారని. కొద్ది రోజుల్లో ముగుస్తుందన్న పోరు నవంబరు 27 దాకా సాగింది.

ఇవో జిమా దీవిలో రాయి వేరు. అగ్నిపర్వతపు మెత్తటి రాయి కావడంతో గునపం, పార చాలు. అక్కడి నల్ల బూడిదను సిమెంటులో కలిపితే గట్టి కాంక్రీటు వచ్చింది. బాధల్లా లోపలి వేడి, గంధకపు ఆవిరి. కొన్నిచోట్ల తవ్వేవాళ్ళు కొద్ది నిమిషాలకోసారి మారాల్సి వచ్చింది. జనరల్ కురిబయాషి తదమిచి 1944 జూన్‌లో వచ్చి ఎనిమిది నెలల్లో సుమారు 18 కిలోమీటర్ల సొరంగాలు సిద్ధం చేయించాడు. గుహ నోట్లోంచి లోపలికి వెళ్ళగానే దారి మలుపు తిరుగుతుంది. గ్రెనేడ్ ముక్కలు, మంట, పేలుడు వత్తిడి ఆ మలుపు దగ్గరే చాలావరకు ఆగిపోతాయి. గాలికి పైకి కన్నాలు, ప్రతి గదికి ఒకటికి మించి దారులు. మెరీన్లు పది రోజుల నౌకా కాల్పులు అడిగితే మూడు రోజులే దొరికాయి. పది ఇచ్చినా పైనున్న పిల్‌బాక్సులు (కాంక్రీటు కాల్పుల గూళ్ళు) మరికొన్ని పోయేవి, సొరంగాలు పోయేవి కావు.

ప్ర: అయ్యా, నేను ఫౌజులో చేసి వచ్చినవాణ్ణి. సెక్షన్ స్థాయిలో ఒక గుహను ఎలా పట్టేవారో వరస చెప్పండి. పుస్తకాల్లో జనరళ్ళ గొడవే తప్ప ఈ సంగతి ఉండదు.
– మాజీ హవల్దార్, పర్లాకిమిడి

జ: హవల్దారు గారూ, 1944 నాటికి మెరీన్ స్క్వాడ్‌లో 13 మంది. ఒక నాయకుడు, నలుగురేసి మూడు జట్లు, జట్టుకో బీఏఆర్ ఆటోమేటిక్ రైఫిలు. వీళ్ళకు ఫ్లేమ్ త్రోవర్ (మంట చిమ్మే ఆయుధం), బజూకా (భుజం మీంచి పేల్చే రాకెట్ గొట్టం), పేలుడు సంచులు మోసే ప్రత్యేక మనుషులు తోడు.

ఎక్కువ సమయం చూడటానికే పోయేది, పోవాలి కూడా. ఒక కన్నం కనిపించిందంటే దాన్ని కాపాడే ఇంకో రెండు కన్నాలు ఎక్కడో ఉన్నట్టే. వాటిని గుర్తించకుండా కదిలిన జట్టు మొదటి కన్నం దగ్గరికి చేరాక పక్క నుంచి దెబ్బతినేది. ఈ యుద్ధంలో తరచూ జరిగిన తప్పు ఇది. గుహలోకి తెల్ల ఫాస్ఫరస్ గ్రెనేడ్ వేసి, పొగ కొండ మీద ఇంకా ఎక్కడెక్కడ లేస్తుందో చూడటం మంచి ఉపాయం. గాలి కన్నాలు, దొడ్డిదారులు అలా బయటపడేవి.

తర్వాత కాల్పులతో నోరు మూయించడం. బీఏఆర్ మ్యాగజీన్‌లో 20 తూటాలే. ఒక్కడే కాలుస్తుంటే మ్యాగజీన్ మార్చే కొద్ది సెకన్లలో లోపలివాడు తేరుకుంటాడు. అందుకే ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు కాల్చేవారు. ట్యాంకు అందుబాటులో ఉంటే దాని 75 మిల్లీమీటర్ల ఫిరంగి నేరుగా కన్నంలోకి కొట్టేది. ట్యాంకులో వాళ్ళకు బయట ఏమీ సరిగా కనిపించదు. వెనక డబ్బాలో పెట్టిన టెలిఫోన్‌లో కాల్బలం వాళ్ళు లక్ష్యం చెప్పేవారు. ఆ ఫోన్ దగ్గర నిలబడ్డవాడికి ఆయుష్షు తక్కువ.

పక్క కన్నాలకు పొగ తెర వేశాక, ఇద్దరు ముగ్గురు పక్క నుంచి, వీలైతే పై నుంచి, గుహ నోటికి ఎదురు పడకుండా చేరేవారు. ముందు మంట. మంటకు లోపలివాళ్ళు కన్నం దగ్గర్నుంచి వెనక్కి తగ్గుతారు. ఆ వ్యవధిలో సుమారు పది కిలోల పేలుడు సంచి లోపలికి పోవాలి. వత్తి మరీ పొడవైతే సంచిని తిరిగి బయటికి విసురుతారు, పొట్టిదైతే వేసినవాడు తప్పించుకోలేడు. కన్నం సన్నగా ఉంటే సంచిని కర్రకు కట్టి దూర్చేవారు. చివరికి బుల్డోజర్ వచ్చి నోటికి మట్టి కప్పేది.

అక్కడితో అయిపోయిందనుకున్నవాళ్ళు రాత్రికి నష్టపోయారు. సగం మూసుకున్న నోటిని లోపలి నుంచి తవ్వుకునేవారు, లేదా ఇంకో దారిలో వచ్చి మెరీన్ల వెనక తేలేవారు. అందుకే మూసిన గుహ దగ్గర కూడా రాత్రి కాపలా ఉండాలి. రోజుకు ఒక కంపెనీ వంద గజాలు కదిలితే గొప్ప అనిపించడానికి కారణం ఈ కాపలాలే. ముందుకెళ్ళిన కొద్దీ మనుషులు వెనకే మిగిలిపోతారు.

ఒకినావాలో ఇంకో ఘోరం ఉంది. చాలా గుహల్లో సైనికులతో పాటు ఊళ్ళవాళ్ళు తలదాచుకున్నారు. దుబాసీలు మైకుల్లో పిలిచినా, బయటికి వస్తే చిత్రహింసలు పెడతారని జపాన్ సైన్యం నూరిపోయడం వల్ల కొందరు రాలేదు, కొందరిని రానివ్వలేదు. పైన చెప్పిన వరస వాళ్ళ మీద కూడా జరిగింది.

ప్ర: ఫ్లేమ్ త్రోవర్ మోసేవాడి వీపు మీది ట్యాంకుకు తూటా తగిలితే సినిమాల్లో పేలినట్టు పేలుతుందా?
– ఇంటర్ విద్యార్థి, జయపురం

జ: అలా పేలడం అరుదు. ఇంధనం మండాలంటే గాలి కావాలి, నిండుగా ఉన్న సీసాలో అది లేదు. తూటా తగిలితే ఇంధనం కారుతుంది, వత్తిడి పోతుంది, ఆయుధం పనికిరాకుండా పోతుంది. కారిన ఇంధనానికి నిప్పు అంటుకుంటే మాత్రం అంతే సంగతులు. మధ్యలో ఉండే వాయువు సీసా అధిక వత్తిడిలో ఉంటుంది. అది పగిలినా ప్రమాదమే.

ఎం2-2 రకం నింపితే దాదాపు 31 కిలోలు. ఇంధనం 18 లీటర్లు. ఏకబిగిన వదిలితే ఎనిమిది తొమ్మిది సెకన్లలో ఖాళీ. కాబట్టి ఒకటి రెండు సెకన్ల చొప్పున వదలాలి. ఉత్త పెట్రోలు సుమారు 20 మీటర్లు పోతుంది, దారిలోనే సగం కాలిపోతుంది. నాపామ్ కలిపి చిక్కబరిస్తే 40 మీటర్ల దాకా వెళ్ళి, తగిలినచోట అంటుకుని మండుతుంది. అంతకుముందు వచ్చిన ఎం1ఏ1లో నిప్పు పుట్టించేది బ్యాటరీ స్పార్కు. అడవి తేమకు అది తరచూ మొరాయించేది. ఎం2-2లో గొట్టం కొసన ఐదు అగ్గిగుళికలు పెట్టాక ఆ బాధ తగ్గింది.

అసలు అపాయం ట్యాంకు పేలడం కంటే దూరంలో ఉంది. నలభై మీటర్లకు చేరాలి, అదీ ముప్ఫై కిలోలతో, అందరి తూటాలూ తనకే గురి పెట్టి ఉండగా. 1945 ఫిబ్రవరి 23న ఇవో జిమాలో హెర్షెల్ వుడీ విలియమ్స్ నాలుగు గంటల్లో ఆరు ఫ్లేమ్ త్రోవర్లు మార్చి వరసగా పిల్‌బాక్సులను కాల్చాడు. ఆయనకు కాపు కాసిన నలుగురు రైఫిల్‌మెన్‌లో ఇద్దరు చనిపోయారు. తర్వాత ఈ పనిని వీలైనంత వరకు ట్యాంకులకే అప్పగించారు. ఇవో జిమాలో మంటలు చిమ్మే షెర్మన్ ట్యాంకులు ఎనిమిదే. ఒకినావాకు 713వ బెటాలియన్ మొత్తం అవే ట్యాంకులతో వచ్చింది. ట్యాంకు చేరని నిటారు చోట్లకు ఆ ట్యాంకు నుంచే పొడవాటి హోస్ పైపు లాక్కెళ్ళి మంట వేశారు.

ప్ర: ట్యాంకులుంటే కాల్బలం ఎందుకు? ట్యాంకులనే ముందు పంపొచ్చుగా?
– వ్యాపారి, రాయగడ

జ: పంపి చూశారు. 1945 ఏప్రిల్ 19న ఒకినావాలోని కకజు దిబ్బ పక్కగా ముప్ఫై దాకా ట్యాంకులు కాల్బలం తోడు లేకుండా లోపలికి చొరబడ్డాయి. ట్యాంకుల వెంట ఎవరినీ రానివ్వకుండా జపనీయులు మెషిన్ గన్లు, మోర్టార్లతో కాల్బలాన్ని విడదీశారు. విడిపోయాక పని తేలిక. 47 మిల్లీమీటర్ల ఫిరంగులు పక్క కవచాన్ని కొట్టాయి. మందుపాతరలు కొన్నిటిని ఆపాయి. పేలుడు సంచులు పట్టుకున్న మనుషులు గోతుల్లోంచి లేచి మిగతావాటి కిందికి దూరారు. 22 ట్యాంకులు తిరిగి రాలేదు. పది రోజుల ముందు, ఏప్రిల్ 9న, అదే దిబ్బ మీదికి కాల్బలం ఒంటరిగా, ఫిరంగి కాల్పులు కూడా లేకుండా చీకట్లో వెళ్ళి పైకెక్కింది. తెల్లవారాక 300 మందికి పైగా నష్టంతో వెనక్కి వచ్చింది. దీనికి అది, దానికి ఇది తోడుంటేనే ఆ దిబ్బ.

ప్ర: అంత ఎండలో, రాతి గుట్టల మీద తాగునీళ్ళు ఎలా అందించారు? గాయపడ్డవాళ్ళను ఎలా దించారు?
– ఉపాధ్యాయిని, రాయగడ

జ: అమ్మా, పెలెలియూలో నీళ్ళే పెద్ద యుద్ధం. ఎండ 46 డిగ్రీలకు చేరింది. పగడపు రాయి పెనంలా కాలుతుంది, నీడ లేదు. ఒక్కొక్కరి దగ్గర లీటరు పట్టే సీసాలు రెండు. ఒడ్డుకు 200 లీటర్ల పీపాల్లో నీళ్ళు తెచ్చారు. అవి అంతకుముందు నూనె పోసిన పీపాలు, సరిగా కడగలేదు. తుప్పు, నూనె కలిసిన ఆ నీళ్ళు తాగి చాలామందికి వాంతులయ్యాయి. వడదెబ్బకు పడిపోయినవాళ్ళు కూడా తక్కువేం కాదు.

గాయపడ్డవాణ్ణి దించడానికి స్ట్రెచరుకు నలుగురు కావాలి. నిటారు చోట్ల ఇంకా ఎక్కువ. అంటే ఒక్కడికి దెబ్బ తగిలితే కాసేపు ఐదుగురు లేనట్టే. ఆ రాతిలో గొయ్యి తవ్వడం కుదరదు. గుండు పడితే రాతి ముక్కలు కూడా తూటాల్లా ఎగురుతాయి. తర్వాత వచ్చిన 81వ పదాతి డివిజన్ దీనికి ఓపికతో కూడిన ఉపాయం పట్టింది. తీరంలో ఇసుక బస్తాలు నింపి పైకి మోయించి, సైనికులు నేలకు కరుచుకుని పడుకుని ఆ బస్తాలను కర్రలతో ముందుకు నెట్టుకుంటూ గజం గజం కదిలారు. కీర్తి తెచ్చే పని కాదు, ప్రాణాలు మిగిల్చే పని.

ప్ర: అంత నష్టం జరుగుతుంటే ఆ గుట్టలను చుట్టుముట్టి వదిలేయొచ్చు కదా?
– బ్యాంకు ఉద్యోగి, బరంపురం

జ: పెలెలియూ విషయంలో మీ మాటే సరైనదని మా అభిప్రాయం. దిగడానికి రెండు రోజుల ముందు, సెప్టెంబరు 13న, అడ్మిరల్ హాల్సీ ఆ దాడి మానేయమని సిఫారసు చేశాడు. నౌకలు బయల్దేరిపోయాయని అడ్మిరల్ నిమిట్జ్ కొనసాగించాడు. విమానాశ్రయం కొద్ది రోజుల్లోనే చేతికొచ్చింది. ఆ తర్వాత దిబ్బల మీదికి నిటారుగా పంపిన మొదటి మెరీన్ రెజిమెంట్ సగానికి పైగా దెబ్బతింది.

ఒకినావా అంత తేలిక కాదు. షురి వెనక, దక్షిణ తీరంలో రెండోసారి దిగుదామని 77వ డివిజన్ సేనాధిపతి బ్రూస్ అడిగాడు. ఒకినావాలో అమెరికా సేనాధిపతి జనరల్ బక్‌నర్ ఒప్పుకోలేదు. అక్కడి తీరంలో నీటి కింది పగడపు దిబ్బలు ఎక్కువ, ఆహారం అందించగలిగినా మందుగుండు అందించలేమని ఆయన సిబ్బంది లెక్క. ఏప్రిల్‌లో ఆ లెక్కలో పస ఉంది. మేలో, షుగర్ లోఫ్ దగ్గర జరిగింది చూశాక కూడా మరోసారి ఆలోచించకపోవడమే తప్పు. మే చివర్లో కుండపోత వానల మరుగున జపాన్ సేనాధిపతి జనరల్ ఉషిజిమా తన బలగాన్ని దక్షిణానికి తప్పించాడు. మే 29న మెరీన్లు షురి కోటలోకి వెళ్ళేసరికి అసలు సైన్యం అక్కడ లేదు.

ప్ర: 1942లో విశాఖ మీద బాంబులు వేసినవాళ్ళు అక్కడే దిగి ఉంటే, మన తూర్పు కనుమల్లో కూడా ఇలాంటి పోరు జరిగేదా?
– పాఠకుడు, పర్లాకిమిడి

జ: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. అది నౌకా వ్యాపారాన్ని దెబ్బతీయడానికి వచ్చిన దాడి. దిగడానికి సైన్యమే వెంట లేదు. మిగతాది ఊహ.

ప్ర: మన భారతీయ సైనికులు జపాన్ బంకర్లున్న కొండలను పట్టిన సందర్భాలున్నాయా?
– పాఠకుడు, జయపురం

జ: బర్మా సరిహద్దులో చాలా ఉన్నాయి. ఒకటి చెబుతాం. ఇంఫాల్ మైదానానికి వెయ్యి అడుగులకు పైన లేచిన నున్షిగుమ్ కొండ. 1944 ఏప్రిల్ 13న 17వ డోగ్రా రెజిమెంట్ మొదటి బెటాలియన్ సైనికులు, థర్డ్ కారబినీర్స్ అనే బ్రిటిష్ దళపు లీ ట్యాంకులు కలిసి ఎక్కారు. అంత నిటారు మీదికి ట్యాంకులు వస్తాయని జపనీయులు అనుకోలేదు. పైన శిఖరం ఇరుకు, ఇటు అటు జారితే లోయ. దారి చూపడానికి ట్యాంకు అధికారులు తల బయట పెట్టక తప్పలేదు. ఆ స్క్వాడ్రన్ అధికారులంతా చనిపోవడమో గాయపడటమో జరిగింది. సార్జెంట్ మేజర్ క్రాడాక్ నాయకత్వం తీసుకుని, డోగ్రాలతో కలిసి బంకర్లను దగ్గర నుంచి ఒక్కొక్కటిగా కొట్టించాడు. సాయంత్రానికి కొండ దక్కింది. షుగర్ లోఫ్‌లో ఏడాది తర్వాత తేలింది ఇక్కడ ఒక్క రోజులో తేలడానికి ఇంకో కారణం, నున్షిగుమ్ మీద జపనీయులకు తవ్వుకోవడానికి కొద్ది రోజులే దొరికాయి.

ప్ర: జపాన్ సైనికులు చిన్న మోర్టారును తొడ మీద పెట్టుకుని పేల్చేవారట. నిజమా?
– పాఠకుడు, గుణుపురం

జ: అలా పేల్చినవాడి తొడ ఎముక మిగలదు. 50 మిల్లీమీటర్ల టైప్ 89 అది. బరువు 4.7 కిలోలు. అడుగు పలక వంకరగా ఉండటం చూసి పట్టుకున్నవాళ్ళు అలా ఊహించారు. ఆ వంపు నేలలో, దుంగ మీద కుదురుకోవడానికి. గొట్టాన్ని ఎప్పుడూ 45 డిగ్రీల వాలులోనే పట్టుకుని, లోపలి కడ్డీని మరతో పైకి కిందికి జరిపి దూరం మార్చేవారు. గరిష్ఠంగా 670 మీటర్ల దాకా పోయేది. మోయడానికి ఒక్కడు చాలు, వెనక వాలులో ఎక్కడైనా కూర్చుని కాల్చి, మంటా పొగా పెద్దగా లేకుండా చోటు మార్చేయొచ్చు. గుట్ట ఎక్కి గొయ్యి తవ్వుకుంటున్నవాళ్ళను ఎక్కువగా బాధించిన ఆయుధాల్లో ఇదొకటి.